స్టెరాయిడ్ మందు: భయం ఎక్కడ ఉండాలి

(గుంటూరు బ్రాడీపేటలో పెద్దల సంఘం ఒకటి ఏర్పాటు చేసిన ఆరోగ్య సభలో ఒక ఫిజీషియన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దు వాలినా వేడి తగ్గని ఈ రోజుల్లో ఇంతమంది ఓపిక చేసుకుని వచ్చారు, చాలా సంతోషం. నిర్వాహకులు నన్ను కీళ్ల నొప్పుల గురించి మాట్లాడమన్నారు. స్టెరాయిడ్ల గురించి మాట్లాడతానని నేనే అడిగి మార్పించుకున్నాను. కీళ్లవాతమైనా, ఆయాసమైనా, ఒంటి మీద దద్దుర్లైనా, ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంటి లోపలి వాపు, ఉన్న ప్రతి జబ్బులోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మందు మాట వస్తుంది. ఆ మాట వచ్చిన ప్రతిసారీ నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది.

డాక్టరు చీటీ మీద పేరు రాసి, ఇన్ని రోజులని చెప్పి ఇచ్చిన స్టెరాయిడ్ అంటే మనవాళ్లకి హడల్. సగం కోర్సు వాడి మానేస్తారు, లేదా అసలు కొనరు. అదే స్టెరాయిడ్‌ని పేరూ ఊరూ లేకుండా కాగితం పొట్లంలో కట్టి ఇస్తే, "ఆయన హస్తవాసి మంచిది" అనుకుంటూ నెలల తరబడి మింగుతారు. భయం ఉండాల్సిన చోట లేదు, అక్కర్లేని చోట ఉంది. ఈ రెండు తప్పుల వల్లా మనుషులు పోతున్నారు. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా దాని గురించే.

ముందు అసలు ఈ మందు ఏమిటో చూద్దాం. మన రెండు మూత్రపిండాల పైనా చెరొక చిన్న గ్రంథి ఉంటుంది. అడ్రినల్ గ్రంథి అంటారు. అది రోజూ కార్టిజాల్ అనే హార్మోన్‌ని తయారు చేస్తుంది. స్టెరాయిడ్ బిళ్ల దానికి నకలు. మన ఒంట్లో రోజుకి తయారయ్యే కార్టిజాల్ దాదాపు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ బిళ్లతో సమానం. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను. తెల్లవారుజామున ఈ హార్మోన్ పెరుగుతూ వచ్చి ఉదయం ఎనిమిది ప్రాంతానికి బాగా ఎక్కువగా ఉంటుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది. అందుకే ఈ బిళ్లని పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోమంటాం. రాత్రి వేసుకుంటే చాలామందికి నిద్ర పట్టదు. కుర్రాళ్లు కండల కోసం జిమ్ముల్లో వాడేవి మగ హార్మోన్‌కి సంబంధించిన వేరే మందులు. వాటి జోలికి ఈ రోజు వెళ్లడం లేదు.

దెబ్బ తగిలినా, క్రిమి చేరినా అక్కడి రక్తనాళాలు విచ్చుకుంటాయి, తెల్ల రక్తకణాలు వచ్చి చేరతాయి. ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పెడుతుంది. అది మన రక్షణ కోసమే. కానీ కొన్ని జబ్బుల్లో ఆ రక్షణ వ్యవస్థే మన కీళ్ల మీద, ఊపిరి గొట్టాల మీద, మూత్రపిండాల మీద పడి పాడుచేస్తుంది. అప్పుడు స్టెరాయిడ్ కణం లోపలికి వెళ్లి, వాపు పుట్టించే రసాయనాలు తయారు చెయ్యమని చెప్పే జన్యువుల నోరు నొక్కేస్తుంది. ఇది జరగడానికి కొన్ని గంటలు పడుతుంది. నరానికి సూది వేసినా సరే, ఆ కాస్త సమయం ఆగాల్సిందే.

చిక్కల్లా ఏమిటంటే, ఈ మందు పట్టుకునే గ్రాహకాలు ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉన్నాయి. ఎముకలో ఉన్నాయి, కండరంలో ఉన్నాయి, కాలేయంలో ఉన్నాయి, కంట్లో ఉన్నాయి. మోకాలి వాపు తగ్గించమని మింగిన బిళ్ల మోకాలి దగ్గరే ఆగదు. మేలు ఏ దారిన వస్తుందో కీడూ ఆ దారినే వస్తుంది. కీడు లేకుండా మేలు మాత్రమే చేసే స్టెరాయిడ్‌ని ఇంతవరకూ ఎవరూ తయారు చెయ్యలేకపోయారు. ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఏ రూపంలో అన్నదే మన చేతిలో ఉంది.

స్టెరాయిడ్‌ని మొదటిసారి కీళ్లవాతం రోగికి ఇచ్చింది 1948 సెప్టెంబరు 21న, అమెరికాలోని మేయో క్లినిక్‌లో. ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు అంతకు చాలా ఏళ్ల ముందే ఒక విషయం గమనించాడు. కామెర్లు వచ్చినా, కడుపుతో ఉన్నా, కొందరికి కీళ్లవాతం తాత్కాలికంగా తగ్గిపోతోంది. ఒంట్లోనే ఏదో మందు తయారవుతోందని ఆయన అనుమానం. అక్కడే పనిచేసే ఎడ్వర్డ్ కెండాల్ అడ్రినల్ గ్రంథి నుంచి వేరుచేసిన పదార్థాన్ని, మంచం పట్టిన 29 ఏళ్ల అమ్మాయికి ఇచ్చారు. వారం తిరక్కుండానే లేచి నడిచింది. 1950లో ఆ ఇద్దరికీ, స్విట్జర్లాండ్‌లో పనిచేసిన రైఖ్‌స్టైన్‌కీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ప్రపంచమంతా ఇక కీళ్లవాతం పోయినట్టే అనుకుంది. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడటం మొదలుపెట్టాక మొహాలు ఉబ్బాయి, ఎముకలు విరిగాయి, కొందరికి మతి చెదిరింది. మానేస్తే జబ్బు మళ్లీ తిరగబెట్టింది. అంటే ఈ రోజు మనం మాట్లాడుకుంటున్న మంచీ చెడూ మొదటి రెండు మూడేళ్లలోనే బయటపడ్డాయి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మిర్చి యార్డు సీజన్ మొదలైతే మాకు ఆయాసం కేసులు పెరుగుతాయి. తొడిమలు తీసే పనికి వెళ్లే ఒకావిడ వచ్చింది, నలభై ఏళ్లుంటాయి. వాక్యం పూర్తి చెయ్యలేకపోతోంది. రెండు మాటలు చెప్పి ఆగి ఊపిరి పీల్చుకుంటోంది. పీల్చిన ప్రతిసారీ గొంతు కింద గుంట లోపలికి లాక్కుపోతోంది. కొంగుకి, గోళ్ల సందుల్లో, అంతా మిరప ఘాటే. ఆక్సిజన్, నెబ్యులైజర్ పెట్టి ప్రెడ్నిసలోన్ బిళ్లలు ఇవ్వబోతే భర్త అడ్డం వచ్చాడు. "స్టెరాయిడ్ అయితే వద్దండీ, కిడ్నీలు పోతాయంట" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను, భార్య మీద ప్రేమతోనే అన్నాడు. కానీ కిడ్నీలని దెబ్బతీసేది ఎడాపెడా వాడే నొప్పి బిళ్లలు, డైక్లోఫెనాక్ లాంటివి. స్టెరాయిడ్ కాదు. కొన్ని కిడ్నీ జబ్బులకి అసలు వైద్యమే స్టెరాయిడ్. ఈ రెండింటినీ జనం కలిపేసుకున్నారు.

ఆవిడకి రోజుకి 40 మిల్లీగ్రాములు, ఐదు రోజులు ఇచ్చాం. ఇలాంటి చిన్న కోర్సుకి మెల్లగా తగ్గించే పని కూడా లేదు, ఐదో రోజున ఆపెయ్యొచ్చు. ఆ ఐదు రోజుల్లో ఆకలి పెరగొచ్చు, నిద్ర తగ్గొచ్చు, షుగరు ఉంటే పెరుగుతుంది. అంతకుమించి భయపడాల్సిందేమీ లేదు. ఆ ఐదు రోజులూ ఇవ్వకపోతే ఏమవుతుందో మాత్రం భయపడాల్సిందే. మన దేశంలో ఆస్తమాతో పోయేవాళ్లు తక్కువేమీ లేరు.

తర్వాత ఆవిడకి ఇన్‌హేలర్ రాశాం. "పీల్చేది అలవాటైపోతుంది, బిళ్ల ఇవ్వండి" అని అడిగేవాళ్లు మీలో కూడా ఉండి ఉంటారు. లెక్క చూడండి. ఇన్‌హేలర్‌లో రోజుకి 400 మైక్రోగ్రాముల బ్యూడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఉందనుకోండి. 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ అంటే 40,000 మైక్రోగ్రాములు. రెండూ వేర్వేరు మందులే, బరువుతో అచ్చంగా పోల్చలేం, కానీ పీల్చే మందు ఎంత తక్కువో మీకు అర్థమవుతుంది. అది కూడా నేరుగా ఊపిరి గొట్టాల్లోకే పోతుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేకపోతే నోట్లో తెల్లగా పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది. ఆ జాగ్రత్త చాలు. రోజూ పీల్చేవాళ్లకి బిళ్లల అవసరం తగ్గుతుంది. ఇన్‌హేలర్‌కి భయపడి మానేసినవాళ్లే ఏడాదికి మూడు నాలుగు సార్లు బిళ్లలు, సూదుల దాకా వస్తారు.

ఈ మందు ప్రాణమో చూపో కాపాడే సందర్భాలు ఇంకా చాలా ఉన్నాయి. మూతి వంకర పోయినప్పుడు, అది పక్షవాతం కాక ముఖ నరం వాపని డాక్టరు తేలిస్తే, 72 గంటల లోపు ప్రెడ్నిసలోన్ మొదలుపెట్టాలి. అలా చేస్తే పూర్తిగా కోలుకునే అవకాశం బాగా పెరుగుతుంది. ఆ మూడు రోజులూ పసరు మందు కోసం ఊళ్లు తిరిగి, నాలుగో రోజు మా దగ్గరికి వస్తారు. చిన్నపిల్లలకి పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు, మూత్రంలో ప్రొటీన్ పోయే నెఫ్రోటిక్ సిండ్రోమ్ వస్తే ఎక్కువమందికి ఈ మందుతోనే తగ్గుతుంది. యాభై దాటినవాళ్లకి కణతల దగ్గర కొత్తగా తలనొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసక వస్తే ఆ రోజే స్టెరాయిడ్ పడాలి. ఆలస్యమైతే చూపు పోతుంది, మళ్లీ రాదు. నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉంటే తల్లికి వేసే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూదులు బిడ్డ ఊపిరితిత్తులని సిద్ధం చేస్తాయి. ఇవన్నీ చౌక మందులు. ఒక స్ట్రిప్ ధర చెబితే చాలామంది నమ్మరు.

కోవిడ్‌లో ఏమైందో ఒక్కసారి చూద్దాం, ఎందుకంటే ఈ మందు రెండు మొహాలూ అందులో ఒకేసారి కనపడ్డాయి. 2020 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ల రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది. రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, పది రోజుల వరకు ఇస్తే, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడోవంతు తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మాత్రం ప్రయోజనం ఏమీ కనపడలేదు. ఆ చివరి వాక్యాన్నే మనం పట్టించుకోలేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో జ్వరం వచ్చిన మొదటి రోజునే, ఎవరో వాట్సాప్‌లో పంపిన చీటీ చూసి, ఇంటిల్లిపాదీ స్టెరాయిడ్ వేసుకున్న కుటుంబాలున్నాయి. షుగర్లు నాలుగు వందలు, ఐదు వందలు దాటాయి. ఆ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చింది. కన్ను తీసేయాల్సి వచ్చినవాళ్లు, పై దవడ తీసేయాల్సి వచ్చినవాళ్లు ఎందరో. ఆ మే నెలలోనే ప్రభుత్వం ఆ జబ్బుని ఆరోగ్యశ్రీలో చేర్చాల్సి వచ్చింది. ఫంగస్‌కి అదొక్కటే కారణమని అనను. కానీ అదుపు లేని షుగరుకి అక్కర్లేని స్టెరాయిడ్ తోడైతే ఏం జరుగుతుందో మనం కళ్లారా చూశాం.

సైడ్ ఎఫెక్టుల విషయానికి వస్తే, అన్నీ చదివితే మీకు టెన్షన్ వస్తుందే తప్ప ఉపయోగం ఉండదు. నెలల తరబడి వాడేవాళ్లు తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన కొన్నింటి దగ్గర ఆగుతాను.

మొదటిది షుగరు. చాలామంది పొద్దున్నే పరగడుపున ల్యాబుకి వెళ్లి చూపించుకుంటారు, నార్మల్ వచ్చిందని నిశ్చింతగా ఉంటారు. ఉదయం వేసుకున్న ప్రెడ్నిసలోన్ షుగరుని పెంచేది మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. పరగడుపు పరీక్షలో అది దొరకదు. కాబట్టి మధ్యాహ్నం భోంచేశాక రెండు గంటలకి చూపించుకోవాలి. షుగరు మందులు వాడుతున్నవాళ్లైతే స్టెరాయిడ్ మొదలుపెట్టిన రోజే డాక్టరుకి ఆ సంగతి గుర్తుచెయ్యండి.

రెండోది ఎముక. మూడు నెలలు దాటి వాడేవాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. ఎముక పలచబడటం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే వేగంగా జరుగుతుంది. కాబట్టి "ఏడాది అయ్యాక చూద్దాం" అనడం పనికిరాదు. కాల్షియం, విటమిన్ డి మొదటి నుంచీ ఉండాలి, కొందరికి ఎముక మందులు కూడా ఇవ్వాలి. ఇక తుంటి దగ్గర తొడ ఎముక తలకి రక్తం అందక దెబ్బతినడం ఇంకో సంగతి. స్టెరాయిడ్ వాడిన మనిషికి గజ్జల్లో నొప్పి మొదలైతే దాన్ని నడుము నొప్పి అనుకుని కూర్చోకూడదు. మామూలు ఎక్స్‌రేలో తొందరగా కనపడదు, ఎం.ఆర్.ఐ.లో కనపడుతుంది.

మూడోది ఇన్‌ఫెక్షన్. రోజుకి 15 మిల్లీగ్రాములు, అంతకు పైన నెల దాటి వాడితే ఒంట్లో నిద్రపోతున్న క్షయ మేలుకునే ప్రమాదం పెరుగుతుంది. మనలాంటి దేశంలో ఇది చిన్న విషయం కాదు. పైగా స్టెరాయిడ్ జ్వరాన్ని, నొప్పిని కప్పిపెడుతుంది. లోపల చీము పట్టినా మనిషి బాగానే కనపడతాడు. అందుకని ఈ మందు మీద ఉన్నవాళ్లకి కొద్దిపాటి జ్వరం వచ్చినా పెద్దదిగానే చూడాలి.

మిగతావి చకచకా చెబుతాను. బీపీ పెరగడం, కాళ్లకి నీరు పట్టడం ఉంటాయి. గుంటూరులో ఈ మాట చెప్పడం కష్టమే, కానీ ఈ మందు వాడినన్నాళ్లూ ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, ఊరమిరపకాయలు తగ్గించుకోవాలి. అడ్డు కారం కాదు, ఉప్పు. కంట్లో శుక్లాలు, కంటి ఒత్తిడి వస్తాయి కాబట్టి ఏడాదికోసారి కళ్లు చూపించుకోవాలి. నేల మీద కూర్చుంటే చేతి ఊతం లేకుండా లేవలేకపోతున్నారంటే తొడ కండరాలు బలహీనపడ్డాయని అర్థం. ఉన్నట్టుండి కోపం, ఏడుపు, విపరీతమైన హుషారు వస్తే అది మీ స్వభావం కాదు, మందు ప్రభావం. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పుకోండి. స్టెరాయిడ్‌తో పాటు నొప్పి బిళ్లలు కూడా వేసుకుంటే కడుపులో పుండు పడి రక్తస్రావమయ్యే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఆ రెండూ ఒకే పొట్లంలో ఉండటం మన దగ్గర మామూలైపోయింది.

ఆ పొట్లం సంగతి చెబుతాను. పల్నాడు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు, రైతు. మోకాళ్ల నొప్పులకి రెండేళ్లుగా "మామూలు బిళ్లలే" వాడుతున్నానన్నారు. ఉంటే చూపించమన్నాను. జేబులోంచి నోటుపుస్తకం కాగితం పొట్లం తీశారు. విప్పితే నాలుగు బిళ్లలు. ఒకటి నొప్పి బిళ్ల, ఒకటి గ్యాస్ బిళ్ల, ఒకటి బీకాంప్లెక్స్. నాలుగోది చాలా చిన్నది, తెల్లగా ఉంది. స్ట్రిప్ నుంచి ఒక్క బిళ్ల వరకూ కత్తిరించారు. రేకు మీద పేరులో చివరి రెండక్షరాలు మాత్రం మిగిలాయి. రెండో పొట్లంలో ఇంకాస్త పెద్ద ముక్క దొరికింది. డెక్సామెథసోన్.

ఆయన మొహం గుండ్రంగా, ఎర్రగా ఉంది. పొట్ట ముందుకొచ్చింది, కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి. "మందు పట్టిందండీ, ఒళ్లు చేశాను" అన్నారు. ముంజేతుల మీద ఎక్కడ చూసినా ఊదారంగు మచ్చలు. రక్తపరీక్షకి సూది గుచ్చి, దూది పెట్టి ప్లాస్టర్ అంటించారు. కాసేపటికి ఆ ప్లాస్టర్ తీస్తుంటే దాంతో పాటు చర్మం కూడా ఊడివచ్చింది. ఆయనకి నొప్పి కూడా పెద్దగా తెలియలేదు. నర్సమ్మ చేతులు వణికాయి. చర్మం అంత పలచబడిందంటే లోపల ఎముక ఎలా ఉంటుందో ఆలోచించండి.

డెక్సామెథసోన్ బిళ్ల సాధారణంగా 0.5 మిల్లీగ్రాములు ఉంటుంది. "అర మిల్లీగ్రామేగా" అనిపిస్తుంది. 0.75 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్‌తో సమానం. పూటకొకటి చొప్పున మూడు పూటలా వేసుకుంటే 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ తిన్నట్టే. ఒంట్లో ఒక రోజులో తయారయ్యే దానికి రెట్టింపు. అదీ రెండేళ్ల పాటు, ఏ పరీక్షా లేకుండా.

ఊళ్లో ప్రాక్టీసు చేసేవాళ్లని తిట్టడానికి నేనిక్కడికి రాలేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది వాళ్లే, అప్పు మీద మందిచ్చేదీ వాళ్లే. కానీ జ్వరానికి, ఒళ్లు నొప్పులకి డెక్సామెథసోన్ సూది వెయ్యడం ఆపాలి. "ఒక్క సూదితో లేచి కూర్చున్నాడు" అన్న పేరు కోసం అది వెయ్యకూడదు. డెంగీలో దానివల్ల ప్రయోజనం లేదు. టైఫాయిడో, క్షయో అయితే జ్వరం రెండు రోజులు దాక్కుంటుంది, జబ్బు లోపల ముదురుతుంది.

కీళ్ల నొప్పుల పొడులు, గుళికలు కూడా ఇలాంటివే. మూలికలని చెప్పి అమ్మే వాటిలో స్టెరాయిడ్ కలిపినట్టు మన దేశంలోనే పరీక్షల్లో పలుమార్లు తేలింది. ఆయుర్వేద శాస్త్రానికి దీంతో సంబంధం లేదు. దాని పేరు చెప్పుకుని చేసే మోసం ఇది. ఏ కషాయమూ ఇరవై ఏళ్ల మోకాలి నొప్పిని రెండో రోజుకల్లా మాయం చెయ్యదు. అలా మాయమైందంటే, ఆకలి పెరిగిందంటే, మొహం నిండిందంటే, ఒక్క పూట మానితే రెట్టింపు నొప్పితో మంచం పట్టారంటే, అందులో ఏముందో అనుమానించాల్సిందే.

ఆడపిల్లలున్నవాళ్లు ఈ మాట కూడా వినండి. తెల్లబడటానికి, మొటిమలకి మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంది. మొదటి రెండు వారాలు మొహం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రటి సన్నని నరాలు తేలి, ఎండలోకి వెళితే మంట పుడుతుంది. మానేస్తే మొటిమలు విరుచుకుపడతాయి, దాంతో మళ్లీ అదే రాస్తారు. తామరకి రాస్తే దురద తగ్గుతుంది, తామర మాత్రం ఒళ్లంతా పాకుతుంది. 2018లో ఈ క్రీములని కూడా డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చారు. చీటీ అడిగే షాపులు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, మానడం. ఇందాక చెప్పిన 5 మిల్లీగ్రాముల అంకె ఇక్కడ అవసరమవుతుంది. బయట నుంచి రోజూ కావలసినంత హార్మోన్ వస్తుంటే అడ్రినల్ గ్రంథి తన పని మానేస్తుంది. కాలువ నీళ్లు రోజూ ఇంటి ముందుకు వస్తుంటే పెరట్లో బావిని ఎవరూ తోడరు, అది పూడిపోతుంది. ఒక రోజు ఉన్నట్టుండి కాలువ కట్టేస్తే, ఆ సాయంత్రమే బావిలో చేద వేస్తే నీళ్లు రావు. మూడు నాలుగు వారాలకి మించి వాడిన స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపితే ఇదే జరుగుతుంది. నీరసం, వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, చివరికి స్పృహ తప్పడం. "స్టెరాయిడ్ వల్ల పోయాడు" అని చెప్పుకునే చావుల్లో కొన్ని నిజానికి స్టెరాయిడ్ ఆపడం వల్ల జరిగినవి. భయపడి మానేసినవాళ్లు, తీర్థయాత్రకి వెళ్తూ బిళ్లలు మర్చిపోయినవాళ్లు, వాడుతున్న సంగతి తెలియకుండానే పొట్లం ఆపేసినవాళ్లు.

గ్రంథి తిరిగి పనిలో పడటానికి నెలలు పట్టొచ్చు. ఈలోపు పెద్ద జ్వరం వచ్చినా, ఆపరేషన్ జరిగినా ఒంటికి ఎక్కువ హార్మోన్ కావాలి, అది తయారు కాదు. అలాంటప్పుడు మోతాదు కొన్ని రోజులు పెంచాలి, ఎంతన్నది మీ డాక్టరు ముందే రాసి ఇవ్వాలి. వాంతులై బిళ్ల నిలవకపోతే ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి హైడ్రోకార్టిజోన్ సూది వేయించుకోవాలి. "ఈయన స్టెరాయిడ్ మీద ఉన్నారు" అన్న ముక్క పర్సులో ఆధార్ కార్డు పక్కన ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. స్పృహ లేని మనిషి తన సంగతి తను చెప్పుకోలేడు.

కీళ్లవాతం ఉన్నవాళ్లు "అయితే జన్మంతా ఇదేనా" అని అడుగుతారు. కాదు. అందులో స్టెరాయిడ్ మొదటి వారాల్లో నొప్పిని పట్టుకోవడానికే. అసలు జబ్బుని అణిచే మందులు నెమ్మదిగా పనిచేస్తాయి, అవి అందుకునేదాకా ఇది ఉండి, తర్వాత తప్పుకోవాలి. ఆ మందుల్లో ముందు వరసలో ఉండేది మెథోట్రెక్సేట్. దాని వెనుక మన తెలుగువాడు ఉన్నాడని చాలామందికి తెలియదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో, అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో, కేన్సర్ కోసం రూపుదిద్దుకున్న మందు అది. ఆయన 1948 ఆగస్టులో పోయారు. ఇందాక నేను చెప్పిన మేయో క్లినిక్ రోగికి మొదటి సూది పడింది మరుసటి నెలలో. ఈ రోజు ప్రపంచంలో లక్షల మంది కీళ్లవాతం రోగులు స్టెరాయిడ్ తగ్గించుకోగలుగుతున్నారంటే ఆ మందు పాత్ర ఎంతో ఉంది. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. ఒక్క హెచ్చరిక మాత్రం వినండి, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంక మీ ప్రశ్నలు తీసుకుంటాను.

(మోకాలిలో వేసే సూది గురించి ఒకరు అడిగారు.)

కీలు లోపలికి వేసే సూది వేరండీ. మందు చాలావరకూ అక్కడే ఉంటుంది. వాపు బాగా ఉన్నప్పుడు కొన్ని వారాలు హాయినిస్తుంది. ఒకే కీలుకి ఏడాదికి మూడు నాలుగు సార్లకి మించి వెయ్యం. షుగరు ఉంటే నాలుగైదు రోజులు పెరుగుతుంది, చూసుకోవాలి. అరిగిపోయిన గుజ్జుని అది తిరిగి తేలేదు.

(ఉపవాసాలు ఉండొచ్చా అని ఒక పెద్దావిడ అడిగారు.)

అమ్మా, చిన్న కోర్సు అయితే ఆ నాలుగు రోజులూ ఉపవాసం వాయిదా వేసుకోండి. ఏళ్ల తరబడి వాడేవాళ్లు కార్తీక సోమవారమైనా, రంజాన్ అయినా, ముందు డాక్టరుతో మాట్లాడి వేళలు సర్దించుకోవాలి. పరగడుపు కదా అని బిళ్ల మానడం మాత్రం కుదరదు.

(మనవడు ఇన్‌హేలర్ వాడితే ఎత్తు పెరగడా అని ఒకాయన అడిగారు.)

ఏళ్ల పాటు వాడితే పెద్దయ్యాక ఎత్తులో ఒక సెంటీమీటరు అటూ ఇటూ తగ్గవచ్చని తేలిందండీ. అంతకుమించి ఉండదు. ఆయాసం అదుపులో లేని పిల్లాడు సరిగ్గా తినడు, నిద్రపోడు, బడికి వెళ్లడు, వాడి ఎదుగుదలా దెబ్బతింటుంది. ఆయాసం అదుపులో ఉన్నన్నాళ్లూ తక్కువ మోతాదులో ఉంచమని అడగండి, మానిపించకండి.

(వెనుక వరసలోంచి ఒకావిడ: మా అత్తగారు రెండేళ్లుగా మోకాళ్లకి ఒక పొడి వాడుతున్నారండీ. మీరు చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయి. ఇంటికెళ్లగానే పారేస్తాను.)

పారెయ్యకమ్మా. ఈ రాత్రికి ఆపొద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే, ఒక్కసారిగా ఆపడమే ఆవిడకి ప్రమాదం. రేపు పొద్దున ఆ రోజు మోతాదు వేసుకోకముందే, ఎనిమిది గంటలకల్లా ల్యాబులో కార్టిజాల్ పరీక్షకి రక్తం ఇప్పించండి. షుగరు, సోడియం, పొటాషియం కూడా చూడమనండి. రక్తం ఇచ్చాక ఎప్పటిలాగే పొడి వేసుకోవచ్చు. కార్టిజాల్ బాగా తక్కువ వస్తే ఆవిడ గ్రంథి పనిచెయ్యడం లేదని అర్థం. అప్పుడు ఆ పొడికి బదులు ప్రెడ్నిసలోన్‌ని లెక్క ప్రకారం ఇచ్చి, వారాల మీద, అవసరమైతే నెలల మీద తగ్గించుకుంటూ వస్తారు. మధ్యలో నొప్పులు తిరగబెడతాయి, ఆవిడ మిమ్మల్ని కోప్పడతారు, "నా మందు నాకిచ్చెయ్" అంటారు. అది ముందే తెలిసి ఉండండి. వాంతులైనా, నిలబడితే కళ్లు తిరిగినా రాత్రనీ పగలనీ చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, వాడిన పొడి సంగతి మొదటి మాటగా చెప్పండి. డబ్బాలో మిగిలింది అలాగే ఉంచి మూత పెట్టి తీసుకెళ్లండి.